ఈ46 ఎం3 వెనక బుష్షులు: పాలీ వేయించాలా, రబ్బరే మేలా?

బీఎండబ్ల్యూ ఈ46 (3 సిరీస్‌లో ఒక తరం పేరు) ఎం3 కొన్నవాళ్ళందరికీ మొదటి నెలలోనే ఒక సలహా అందుతుంది: పాత బుష్షులు (చక్రాన్ని పట్టే ఆర్ములు బాడీకి కలిసేచోట ఉండే మెత్తటి గొట్టాలు) పీకించి పాలీయూరిథేన్‌వి (పాలీ) వేయించు, కారు మారిపోతుంది. మారడం నిజమే. కాకపోతే ఆ మార్పులో పెద్ద వాటా పాలీది కాదు. ఇరవై ఏళ్ళు నలిగి, ఎండి, చీలిన రబ్బరు బయటికి పోవడం వల్ల వచ్చింది. అక్కడ కంపెనీ రబ్బరే కొత్తది పెట్టినా కారు అంతే చక్కగా నిలబడుతుంది, పైగా కిర్రుమనదు. అందుకే ఈ సమీక్షలో పాలీని చచ్చిన రబ్బరుతో పోల్చలేదు. కొత్త రబ్బరు ఒక పక్క, కొత్త పాలీ ఒక పక్క, మధ్యలో ఉక్కు గోళపు బేరింగ్ పెట్టి చూశాం.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు టైం కలిసొస్తుంది. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని బాడీకి కలిపే పొడవాటి చేయి) లెమ్‌ఫోర్డర్ రబ్బరు బుష్, దానికి రెండు వైపులా, పక్కకు జరగకుండా ఆపే లిమిటర్ బిళ్ళలు. ముందు కంట్రోల్ ఆర్మ్ (ముందు చక్రాన్ని పట్టే చేయి) చివర, లాలీపాప్ ఆకారంలో ఉండే బ్రాకెట్‌లో పవర్‌ఫ్లెక్స్ పర్పుల్ పాలీ. యాంటీరోల్ బార్ (మలుపులో కారు పక్కకు వాలకుండా ఆపే కడ్డీ) బుష్షులకు పాలీ కళ్ళు మూసుకుని వేయించుకోవచ్చు. వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని మోసే ఉక్కు చట్రం) బుష్షుల జోలికి మాత్రం బూట్ (డిక్కీ) కింద రేకు చూడకుండా వెళ్ళకండి. ఒకే కారులో ఒకచోట రబ్బరు, మరోచోట పాలీ ఎందుకన్నదే అసలు సంగతి.

ఎం3 రోజూ నడిపేవాళ్ళకీ, నెలకోసారి ట్రాక్ డేకి తీసుకెళ్ళేవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఈ తరం ఎం3లు చాలామంది సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారు కాబట్టి ఒక మాట. టెక్సస్, కాలిఫోర్నియా కారులో బుష్ ఎండకీ ఏళ్ళకీ ఎండి పగులుతుంది, బోల్టులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. మిషిగన్, న్యూజెర్సీ కారులో రోడ్డు మీద చల్లిన ఉప్పు పుణ్యమా అని బోల్టులే మిమ్మల్ని ఏడిపిస్తాయి. మీటర్‌లో తక్కువ మైళ్ళు కనబడ్డాయని మురిసిపోవద్దు. ఈ కార్లు 2000 నుంచి 2006 దాకా తయారయ్యాయి. తిరిగినా తిరగకపోయినా రబ్బరుకు వయసొచ్చేసింది.

తలుపు బందు వేరు, బండి కాడి వేరు

పాలీ బుష్ అంటే గట్టి ప్లాస్టిక్ లాంటి గొట్టం, దాని మధ్యలో ఉక్కు స్లీవ్. స్లీవ్ మీద పాలీ జారుతూ తిరుగుతుంది. రబ్బరు బుష్‌లో జారేది ఏదీ ఉండదు. లోపలి స్లీవూ బయటి గొట్టమూ రెండూ రబ్బరుకు అతికే ఉంటాయి. ఆర్మ్ కదిలితే రబ్బరే మెలిపడుతుంది, మళ్ళీ విప్పుకుంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా గొడవంతా దానంతటదే విడిపోతుంది.

మజ్దా మియాటా లాంటి డబుల్ విష్‌బోన్ కారు (చక్రానికి పైనొకటి, కిందొకటి ఆర్మ్ ఉండేది) తీసుకోండి. ఒక్కో ఆర్మ్‌కీ లోపలి వైపు రెండు బుష్షులు ఒకే గీత మీద ఉంటాయి. తలుపుకి రెండు బందులు ఉన్నట్టన్నమాట. ఆర్మ్ పైకీ కిందికీ మాత్రమే ఊగుతుంది. అక్కడ పాలీ హాయిగా పనిచేస్తుంది. ఈ46 వెనక చక్రం కథ అలా కాదు. ముందుకు చాచిన ఒకే ట్రెయిలింగ్ ఆర్మ్, దాని ముందు కొసలో ఒకే బుష్. చక్రాన్ని అడ్డంగా పట్టుకునేవి పైన ఒక లింకు, కింద ఒక లింకు. వాటి పొడవులు సమానంగా ఉండవు. చక్రం పైకి లేచేకొద్దీ ఆ రెండు లింకులూ దాన్ని లోపలికి వాలుస్తాయి. హబ్ (చక్రం బిగిసే మధ్యభాగం) ట్రెయిలింగ్ ఆర్మ్‌కే బిగించి ఉంటుంది కాబట్టి చక్రం వాలితే ఆర్మ్ కూడా మెలితిరగాల్సిందే. అంటే ముందు కొసన ఉన్న ఆ ఒక్క బుష్ ఊగాలి, మెలితిరగాలి, కొంచెం పక్కకూ ఒరగాలి. మన ఎడ్లబండి కాడిని నొగకు తాడుతో కడతారు చూడండి, రెండెద్దులూ ఎప్పుడూ ఒకే ఎత్తులో నడవవు కాబట్టి. ఈ బుష్ ఆ తాడు లాంటిది. అక్కడికి తలుపు బందు తెచ్చి బిగిస్తే ఏదో ఒకటి వంగాలి, లేదా అరగాలి.

సరిగ్గా అదే జరుగుతుంది. ఈ చోట కొన్నాళ్ళు నడిచిన పాలీ బుష్‌ని బయటికి తీసి చూస్తే స్లీవ్ పట్టే రంధ్రం గుండ్రంగా ఉండదు, రెండు కొసల్లోనూ కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటుంది. అంచు ముఖాలు ఒక పక్క నున్నగా అరిగి, ఇంకో పక్క కొత్తగానే కనబడతాయి. గ్రీజు నల్లని పేస్టులా గట్టిపడి ఉంటుంది, ఉక్కు స్లీవ్ మీద గీతలు మెరుస్తుంటాయి. డ్రైవర్‌కి ఇది రెండు దశల్లో తెలుస్తుంది. కొత్తలో కారు బిగువుగా, భలేగా అనిపిస్తుంది. కాకపోతే మూలమలుపులో గతుకు తగిలినప్పుడు వెనక భాగం సాఫీగా మింగకుండా ఒక్కసారిగా పక్కకు జరుగుతుంది. మెలి తిరగలేని బుష్ అదనపు యాంటీరోల్ బార్‌లా ప్రవర్తించడమే దీనికి కారణం. పోనుపోను రంధ్రం సాగి, గ్యాస్ (యాక్సిలరేటర్) తీసినప్పుడల్లా కింద టక్కుమంటుంది.

పోయిందని ఎలా తెలుస్తుంది

చాలా కార్లలో ఈ వెనక బుష్ లక్ష కిలోమీటర్లు రాకముందే పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పొడవాటి వంపులో స్టీరింగ్ కదపకుండా పోతూ గ్యాస్ కొద్దిగా వదలండి, మళ్ళీ ఇవ్వండి. బుష్ బాగుంటే కారు ముక్కు కాస్త దించి లేపుతుంది, అంతే. పోయి ఉంటే వెనక చక్రాలు తమంతట తాము స్టీరింగ్ తిప్పుకున్నట్టు కారు అర అడుగు లోపలికి జరిగి, గ్యాస్ ఇవ్వగానే బయటికి పోతుంది. హైవేలో పక్క గాలి కొట్టినప్పుడు తోక ఊపడం కూడా దీని లక్షణమే.

రెండో సాక్ష్యం టైర్లు. వెనక టైరు లోపలి అంచు మీద అరచేతితో అడ్డంగా నిమరండి. ఒక వైపు నున్నగా పోయి, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్ళు తగిలితే చక్రం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) నిలబడటం లేదని అర్థం. పళ్ళు లేకుండా లోపలి అంచు మాత్రమే అరిగితే అది క్యాంబర్ (చక్రం నిలువుగా కాక వాలి ఉండే కోణం) పని. ఈ కారుకు ఫ్యాక్టరీ నుంచే వెనక నెగెటివ్ క్యాంబర్ (పైభాగం లోపలికి వాలడం) ఉంటుంది కాబట్టి బుష్ మీద నింద వేయకండి.

కింద పడుకుని టార్చి వేసి చూస్తే బుష్ ముఖం కొద్దిగానే కనబడుతుంది, మిగతాదంతా బ్రాకెట్ మూసేస్తుంది. బయటికి పగుళ్ళు లేవంటే లోపల బాగుందని కాదు. ఆర్మ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య ఇనుప రాడ్డు పెట్టి పక్కకు ఎత్తండి. కాస్త కదిలి వెంటనే వెనక్కి లాక్కుంటే పరవాలేదు. తేలిగ్గా జరిగి అక్కడే ఉండిపోతే పని అయిపోయినట్టే.

ముందు లాలీపాప్ బుష్ లక్షణం వేరు. హైవే వేగం నుంచి బ్రేకు మెల్లగా నొక్కుతుంటే స్టీరింగ్ గజగజలాడుతుంది. చాలామంది దీన్ని బ్రేక్ డిస్క్ వంకర అనుకుని డిస్కులు మార్పించి, వణుకు తగ్గక మళ్ళీ మెకానిక్ దగ్గరికి వస్తారు. డిస్కుల్లో చిన్న తేడా ఎప్పుడూ ఉంటుంది. బుష్ బాగుంటే దాన్ని మింగేస్తుంది, పోతే పెంచి చేతికి అందిస్తుంది. మామూలు ఈ46లో ఈ బుష్ లోపల ద్రవం ఉంటుంది, అది కారిన నల్లటి మరక బ్రాకెట్ మీద కనబడుతుంది. ఎం3లో ద్రవం లేని గట్టి రబ్బరు కాబట్టి మరక కోసం వెతికి లాభం లేదు, పగుళ్ళే చూడాలి.

సరుకు ఎలా ఉంది

లెమ్‌ఫోర్డర్ జడ్‌ఎఫ్ గ్రూపు బ్రాండు. బుష్ రబ్బరు అతుకు శుభ్రంగా ఉంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌లో ఎక్కేటప్పుడు గీరుకోదు. పాలీ కన్నా, గోళపు బేరింగ్ కన్నా చవక కూడా. లోపం ఒక్కటే: కొత్తదైనా పక్కవాటు ఊగుడు కొంత ఉంటుంది. ట్రాక్ మీద అంటుకునే టైర్లు వేస్తే అది తెలుస్తుంది. ఆ లోపానికే లిమిటర్ బిళ్ళలు పుట్టాయి. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పలుచని చక్రాలివి, బుష్ ముఖానికీ బ్రాకెట్ చెవికీ మధ్య రెండు వైపులా ఒక్కొక్కటి కూర్చుంటాయి. రబ్బరు మెలితిరగడానికి అడ్డురావు, పక్కకు జరగడాన్ని మాత్రం ఆపుతాయి. ఖర్చుకు తగ్గ ఫలితం ఈ మొత్తం వ్యవహారంలో వీటిదే ఎక్కువ. బ్రాకెట్‌లో తోసినప్పుడు వేళ్ళ బలంతో బిగువుగా ఎక్కాలి. సుత్తి దెబ్బలతో ఎక్కిస్తే ఆ మెలితిరుగుడే ఆగిపోతుంది, పాలీ తెచ్చే జబ్బునే తెచ్చుకున్నట్టు. వదులుగా గిలగిలలాడితే వేసినా వేయనట్టే. బుష్ కంపెనీ మారితే వెడల్పు ఒక పిసరు మారొచ్చు, అందుకని బ్రాకెట్ బిగించే ముందే చేతిలో పెట్టి సరిచూసుకోండి.

మైలె హెచ్‌డీ కూడా రబ్బరే, నాలుగేళ్ళ గ్యారంటీతో వస్తుంది. మామూలు ఈ46 ముందు బుష్ విషయంలో దీని గొప్ప ఏమిటంటే ద్రవం తీసేసి గట్టి రబ్బరు నింపడం. కారిపోయే గొడవే లేదు. 330 లాంటి మామూలు ఈ46 ఉంటే అదే తీసుకోండి. ఎం3కి దీని వల్ల వచ్చేది తక్కువ.

పవర్‌ఫ్లెక్స్ బ్రిటిష్ కంపెనీ. పర్పుల్ రకం 80 షోర్ ఎ (రబ్బరు గట్టితనం కొలిచే స్కేలు), నల్లది 95. పర్పుల్ రోడ్డుకు, నల్లది ట్రాక్‌కి. పోత నాణ్యత, స్లీవ్ కొలతలు బాగుంటాయి. రెండు ముక్కలుగా వస్తుంది కాబట్టి ప్రెస్సు లేకుండా బెంచ్ వైస్‌తోనే ఎక్కించవచ్చు, ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఇది చిన్న సౌకర్యం కాదు. ముందు లాలీపాప్‌లో పర్పుల్ పెట్టాక బ్రేకు వణుకు పోతుంది, స్టీరింగ్ సూటిగా వింటుంది. కాంక్రీటు హైవే అతుకుల చప్పుడు మాత్రం ఇంతకుముందుకన్నా చేతికి ఎక్కువ తెలుస్తుంది. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్‌కి ఇదే కంపెనీ సరుకైనా మేము సిఫారసు చేయం. సరుకు తప్పు కాదు, చోటు తప్పు. నల్లది అయితే మరీను. ఎంత గట్టిదైతే మెలితిరగడం అంత కష్టం.

గోళపు బేరింగ్ అన్ని దిక్కులా తిరుగుతుంది, ఒక్క పిసరు కూడా సాగదు. ఈ చోటుకు సిద్ధాంతం ప్రకారం సరైన జవాబు ఇదే. రోడ్డు మీద మాత్రం డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఊళ, ప్రతి గులకరాయి చప్పుడు వెనక సీటు కిందినుంచి వినబడతాయి. దుమ్మూ ఉప్పునీరూ పడితే త్వరగా అరిగి టకటకలాడుతుంది. ట్రైలర్ మీద ట్రాక్‌కి వెళ్ళే కారుకు వేయండి. పాపాయిని వెనక కూర్చోబెట్టుకుని గుడికి వెళ్ళే కారుకు వద్దు.

వెనక బుష్ మార్చే పని

ఇక్కడ తొందరపడితే కొత్త రబ్బరు ఏడాది కూడా రాదు, అందుకే వివరంగా చెప్పుకోవాలి.

బోల్టులకు తుప్పు వదిలే నూనె ముందురోజే కొట్టి ఉంచండి. కారు ఇంకా నేల మీద, చదును చోట ఉండగానే, వెనక చక్రం హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిలువు కొలత తీసి రెండు వైపులా రాసుకోండి. తర్వాత కారు లేపి, స్టాండ్ల మీద పెట్టి, చక్రం తీసి, హబ్ కింద జాకీ పెట్టి మళ్ళీ అదే కొలత వచ్చేదాకా లేపండి. ఇప్పుడు ఆర్మ్ సరిగ్గా రోడ్డు మీద ఉన్న కోణంలో ఉంటుంది. బ్రాకెట్ మీది నుంచి ఆర్మ్ మీదికి పెయింటు పెన్నుతో ఒక నిటారు గీత గీయండి. బ్రాకెట్ అంచుల చుట్టూ బాడీ మీద కూడా గీయండి. పాత బుష్ చిరిగిపోయింది కదా, ఆ గీతకు విలువేముంది అనుకోవద్దు. మనం గుర్తుపెట్టుకునేది రబ్బరు స్థితి కాదు, రెండు ఇనుప ముక్కల మధ్య కోణం.

మొదటి గీత ఎందుకంటే, రబ్బరు బుష్ మధ్య స్లీవ్‌ని పొడవాటి బోల్టు బ్రాకెట్ చెవుల మధ్య నొక్కి పట్టేస్తుంది. ఏ కోణంలో బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం. చక్రం కిందికి వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలిపడే ఉంటుంది. ఆగి ఉన్నా సరే. గతుకు వచ్చినప్పుడు ఇంకా మెలిపడి అతుకు దగ్గర చిరుగుతుంది. కొత్త బుష్ ఆరు నెలల్లో పోయింది, సరుకు నకిలీ అని తిట్టుకునే చాలా సందర్భాల్లో అసలు నేరం ఇదే. బ్రాకెట్‌ని బాడీకి బిగించేశాక ఈ పొడవాటి బోల్టుకు పానా సరిగ్గా అందదు కాబట్టి, నేల మీదికి దించి బిగిద్దాం అనే మామూలు ఉపాయం ఇక్కడ పారదు. గీతలు కలిపి, బిగించి, ఆ తర్వాతే బాడీకి ఎక్కించాలి.

రెండో గీత ఎందుకంటే బాడీకి బిగించే బ్రాకెట్ రంధ్రాలు పొడవుగా ఉంటాయి. ఆ కాస్త జరుపుడే వెనక చక్రాల టో సర్దుబాటు. గీత మీద కూర్చోబెడితే అలైన్‌మెంట్ షాపు దాకా కారు తిన్నగా వెళ్తుంది.

ఇప్పుడు బ్రాకెట్‌ని బాడీకి పట్టిన మూడు బోల్టులు. మొదటి మలుపు ఇంపాక్ట్ గన్‌తో కాదు, చేతి పానాతో తిప్పండి. కదిలాక కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా ముందుకూ వెనక్కూ తీయండి. బోల్టు తెగితేనో బాడీలో మరలు పోతేనో అరపూట పని వారం పడుతుంది. బ్రేకు పైపు, ఏబీఎస్ తీగ క్లిప్పులు ముందే విడదీయండి, లేకపోతే ఆర్మ్ దిగినప్పుడు వాటి మీద బరువు పడుతుంది. బోల్టులు వచ్చాక ఆర్మ్ ముందు కొసను కిందికి లాగి, బాడీకీ దానికీ మధ్య చెక్క ముక్క ఇరికిస్తే చేతులు రెండూ ఖాళీ అవుతాయి.

పాత బుష్ తీయడానికి మరరాడ్డూ కప్పులూ ఉన్న పుల్లర్ అద్దెకు తెచ్చుకోవడం మేలు. అది లేకపోతే రబ్బరుకు చుట్టూ రంధ్రాలు వేసి మధ్యభాగం తోసేసి, మిగిలిన బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో ఒకచోట కోసి ఉలితో లోపలికి మడవాలి. గొట్టం పూర్తిగా తెగిందో లేదో చూస్తూ కోయండి. బ్లేడు ఆర్మ్‌లోకి దిగితే ఆ గాటు దగ్గరే పగులు మొదలవుతుంది. నిప్పుతో కాల్చి తీసే పద్ధతి చాలా వీడియోల్లో కనబడుతుంది. పెట్రోలు ట్యాంకూ, బ్రేకు పైపులూ, నల్లటి విషపు పొగా పక్కపక్కన పెట్టుకుని చేసే పని కాదది. తీసే ముందు పాత బుష్ ఎంత లోతున, ఏ దిక్కున కూర్చుందో ఫోటో తీసుకోవడం మరవద్దు.

కొత్త బుష్‌ని ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే కాస్త కుదించుకుంటుంది. ఆర్మ్ రంధ్రాన్ని వైర్ బ్రష్‌తో తుప్పు పోయేలా రుద్దండి. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్ళు చాలు. మామూలు గ్రీజు గానీ ఇంజన్ ఆయిల్ గానీ రాయొద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వంకరగా మొదలైతే అక్కడే ఆపి వెనక్కి తీసి మళ్ళీ తిన్నగా పెట్టండి. బలంతో సరిచేయాలని చూస్తే బయటి గొట్టం నలుగుతుంది. కూర్చున్నాక లిమిటర్ బిళ్ళలు రెండు ముఖాలకీ సిలికాన్ గ్రీజు చుక్కతో అతికించి, బ్రాకెట్‌లోకి తోసి, పొడవాటి బోల్టు దూర్చండి. గీతలు కలిపి 110 న్యూటన్ మీటర్లకు బిగించండి. బాడీ బోల్టులు మూడూ గీత మీద పెట్టి 77. రెండో వైపూ ఇంతే. ఒక వైపే మార్చి ఆపేస్తే కారు బ్రేకులో ఒక పక్కకూ, గ్యాస్‌లో ఇంకో పక్కకూ లాగుతుంది.

ఇంతా విని, పాలీ పెట్టి తీరాలనుకుంటే కోణం గొడవ ఉండదు. స్లీవ్ మీద అది తిరుగుతుంది కాబట్టి ఏ కోణంలోనైనా బిగించవచ్చు. కిట్ కాగితం మాత్రం ముందు చదవండి. కొన్ని కిట్లు పాత బయటి గొట్టాన్ని ఆర్మ్‌లోనే ఉంచమంటాయి, కొన్ని తీసేయమంటాయి. గొట్టం కోసేశాక కాగితం చదివితే ప్రయోజనం లేదు. కిట్‌లో ఇచ్చిన గ్రీజు మొత్తం వాడండి. స్లీవ్‌కీ పాలీకీ మధ్యే కాదు, బ్రాకెట్‌కి రాసుకునే ముఖాలకి కూడా పూయాలి. కిర్రుమనే చప్పుడు ఎక్కువగా ఆ ముఖాల దగ్గరే పుడుతుంది.

ముందు లాలీపాప్

ఇది వెనక బుష్ కన్నా తేలిక. ఒక్కో బ్రాకెట్‌కి బాడీలోకి రెండు బోల్టులే, బాల్ జాయింట్లు విప్పనక్కర్లేదు. బ్రాకెట్ వదిలాక రెండు కాళ్ళ పుల్లర్‌తో ఆర్మ్ కొస నుంచి లాగేయవచ్చు. ఆ కొస ఆరు పలకలుగా ఉంటుంది. పాత బుష్ దాని మీద ఎంత దూరం ఎక్కిందో ముందే కొలిచి ఉంచుకోండి. రబ్బరు వేస్తే కొసకు సబ్బు నీళ్ళు రాసి ఒకే ఊపులో తోసి, వెంటనే బ్రాకెట్‌ని 59 న్యూటన్ మీటర్లకు బిగించి, కారును నేల మీదికి దించేయండి. దించాక అరగంట కదపకండి. తడి ఆరేలోగా బుష్ తన కోణాన్ని చూసుకుని పలకల మీద పట్టుకుంటుంది. గాల్లో ఉండగానే ఆరిపోతే వెనక బుష్ గురించి చెప్పుకున్న మెలి రోగమే దీనికీ. పాలీ వేస్తే ఈ హడావుడి లేదు.

పని మొదలుపెట్టే ముందు బాల్ జాయింట్ల రబ్బరు తొడుగులు చూడండి. చిరిగి గ్రీజు కారుతుంటే ఆర్మ్ మార్చే కాలం వచ్చింది. కొత్త బుష్ ఆ పాత ఆర్మ్‌కి వేయడం దండగ.

సబ్‌ఫ్రేమ్, డిఫరెన్షియల్

ఈ46కి తెలిసిన జబ్బు ఒకటుంది. వెనక సబ్‌ఫ్రేమ్ బిగిసే చోట్ల బాడీ రేకు చీలుతుంది. బూట్ కార్పెట్ ఎత్తి పైనుంచి, కారు లేపి కిందినుంచి నాలుగు బిగింపు చోట్లూ చూడండి. పెయింటు వెంట్రుకలా పగిలినా అనుమానించాల్సిందే. మెత్తటి సబ్‌ఫ్రేమ్ బుష్ కొంత దెబ్బను మింగుతోంది. దాని బదులు గట్టి పాలీయో అల్యూమినియమో పెడితే ఆ దెబ్బ నేరుగా రేకుకు చేరుతుంది. కాబట్టి ముందు వెల్డింగ్‌తో ఉక్కు పలకలు వేయించి రేకును బలపరచాలి, గట్టి బుష్షులు ఆ తర్వాతే. డిఫరెన్షియల్ బుష్‌కి పాలీ వేస్తే గేరు ఊళ క్యాబిన్‌లోకి వస్తుంది. రోజూ నడిపే కారుకు కొత్త రబ్బరు చాలు.

యాంటీరోల్ బార్ బుష్ కొనేటప్పుడు బార్ మందం కాలిపర్స్‌తో కొలిచి కొనండి, పాత యజమాని బార్ మార్చి ఉండొచ్చు.

అలైన్‌మెంట్

బుష్షులు వేశాక ఒక రోజు నెమ్మదిగా నడిపి, అప్పుడు నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించండి. వెనక టో బ్రాకెట్ జరిపి, వెనక క్యాంబర్ కింది లింకుకున్న ఎక్సెంట్రిక్ బోల్టుతో (తిప్పితే లింకును కొద్దిగా జరిపే బోల్టు) సరిచేస్తారు. మొదట వెనకది సరిచేసి, తర్వాతే ముందు చక్రాలకు రావాలి. ఈ కారుకు బీఎండబ్ల్యూ కొలతలు ఖాళీ కారువి కావు: ముందు సీట్లలో 68 కిలోల చొప్పున రెండు, వెనక సీటు మధ్యలో 68 కిలోలు, బూట్‌లో 21 కిలోలు, ట్యాంకు నిండుగా. బరువులు పెట్టకుండా కొలిచి, యంత్రం తెర మీద పచ్చరంగు వచ్చిందని పంపించే షాపులు చాలా ఉన్నాయి. బియ్యం బస్తాలైనా మీరే తీసుకెళ్ళండి. బరువులకు ఒప్పుకోని షాపు అయితే ఇంకోటి వెతుక్కోండి.

పాలీ వేసి ఉన్న కారు కొంటుంటే

అమ్మకం ప్రకటనలో "ఫుల్ పాలీ బుష్షులు" అని రాసి ఉంటే అది ధర పెంచే గుణం కాదు, వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ విప్పి చూడాల్సిన కారణం. మెల్లగా స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు కుర్చీ కిర్రుమన్నట్టు వినిపిస్తే గ్రీజు ఆరిపోయింది. విప్పి, తుడిచి, మళ్ళీ పూస్తే సరిపోతుంది. గ్యాస్ ఇచ్చి తీసినప్పుడల్లా టక్కు వినిపిస్తే రంధ్రం సాగింది. దానికి గ్రీజు మందు కాదు. ఆ జతకి లెమ్‌ఫోర్డర్ రబ్బరు, లిమిటర్లు, ఒక అలైన్‌మెంట్ ఖర్చు లెక్కకట్టి బేరం ఆడండి.